ఫోన్ మనల్ని పార్టీలుగా చీలుస్తోందా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు, కొటియా ఊళ్లు ఒడిశావా, ఆంధ్రావా అన్న గొడవ మళ్లీ రాజుకున్నప్పుడు పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో తరచూ వినబడే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి అవదు.

సూటిగా చెప్పండి. ఫోన్లో ఏది ముందు చూపించాలో తేల్చే ఈ అల్గారిథమ్‌లు మనుషుల్ని రాజకీయంగా విడదీస్తున్నాయా?

కొంతవరకు అవును. అయితే మీ ఓటును ఒక పార్టీ నుంచి లాగి ఇంకో పార్టీకి వేయించే శక్తి ఫోనుకుందనడానికి గట్టి ఆధారం ఇప్పటిదాకా దొరకలేదు. అవతలి పార్టీవాడి పేరు వింటేనే ఒళ్లు మండేలా చేయడంలో దాని చెయ్యి ఉందనడానికి మాత్రం ఆధారాలు పెరుగుతున్నాయి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

మన సరిహద్దు జిల్లాల్లో దీనికి ఇంకోటి తోడవుతుంది. ఇక్కడ ఫోను జనాన్ని పార్టీల కంటే ముందు భాషల వారీగా వేరు చేస్తుంది. పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకే పోలింగ్ బూత్‌లో ఓటేసేవాళ్లు, రెండు వేరు వేరు రాష్ట్రాల్లో బతుకుతున్నట్టు వార్తలు చూస్తారు. నా దృష్టిలో మనకు అసలు సమస్య ఇదే. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అల్గారిథమ్ అంటే అసలు ఏం చేస్తుంది?

మీరు ఫేస్‌బుక్ తెరిచేసరికి స్నేహితులు, పేజీలు, గ్రూపులు పెట్టిన పోస్టులు వందలకొద్దీ ఉంటాయి. వాటిలో ఏది ముందు చూపించాలో తేల్చే లెక్కే అల్గారిథమ్. మీరు దేని దగ్గర ఎంతసేపు ఆగారు, దేనికి కామెంట్ పెట్టారు, ఏది షేర్ చేశారు, మీలాంటి అలవాట్లున్నవాళ్లు ఇంకేం చూస్తున్నారు, ఇవన్నీ చూసి ఒక్కో పోస్టుకు మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చినది పైకి వస్తుంది.

మార్కులు ఎలా వేయాలన్నది కంపెనీ ఇష్టం, అది మారుతూ ఉంటుంది. యూట్యూబ్ 2012లో క్లిక్కుల లెక్క పక్కనపెట్టి, ఎంతసేపు చూశారన్న లెక్కకు మారింది. జనం యూట్యూబ్‌లో గడిపే సమయంలో 70 శాతం పైగా తమ సిఫార్సుల వల్లేనని 2018లో ఆ కంపెనీ పెద్దలే చెప్పారు. అదే ఏడాది జనవరిలో ఫేస్‌బుక్, బంధుమిత్రుల మధ్య మాటామంతీ పెంచుతామంటూ, కామెంట్లు, షేర్లు ఎక్కువ వచ్చే పోస్టులకు పెద్దపీట వేసింది. మన దగ్గర ఎలాంటి పోస్టు కింద కామెంట్లు కుప్పలు పడతాయో మీకు తెలియనిది కాదు. నూకాలమ్మ జాతర ఫొటో కిందా? ఎమ్మెల్యేని తిట్టిన పోస్టు కిందా?

2021లో ఫ్రాన్సిస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ఫేస్‌బుక్ లోపలి పత్రాలు బయటపెట్టింది. 2018 మార్పు తర్వాత, ఎదుటివాళ్లను తిడితేనే తమ పోస్టులు జనానికి చేరుతున్నాయని యూరప్‌లోని రాజకీయ పార్టీలు ఆ కంపెనీకే మొరపెట్టుకున్న సంగతి అందులో ఉంది. లైకుకు ఒక పాయింటు ఇస్తే, కోపం ముఖం సహా ఎమోజీలకు 2017లో అయిదు పాయింట్లు ఇచ్చారనీ ఆ పత్రాల్లో ఉంది. తర్వాత దాన్ని తగ్గించుకుంటూ వచ్చి, 2020లో కోపం విలువను సున్నా చేశారు. అప్పటిదాకా మీరు కోపంతో ఎర్రముఖం నొక్కిన ప్రతిసారీ "వద్దు" అంటున్నామనుకున్నారు, యంత్రం "ఇంకా కావాలి" అని రాసుకుంది.

మా ఓట్లు పర్లాకిమిడిలో. ఫోన్లో మాత్రం పొద్దస్తమానం ఆంధ్రా రాజకీయమే. ఎందుకిలా?

మీరు తెలుగులో చూస్తారు కాబట్టి. యంత్రానికి మీ ఓటరు కార్డు తెలియదు, మీ చూపు తెలుసు. తెలుగులో రాజకీయ వీడియోలు చేసేవాళ్లు దాదాపు అందరూ హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి చేస్తారు. గజపతి జిల్లా పరిషత్ గురించి తెలుగులో వీడియో చేసేవాడు ఎక్కడున్నాడు? ఉన్నా చూసేవాళ్లు కొద్దిమంది కాబట్టి దానికి మార్కులు రావు, మార్కులు రావు కాబట్టి అది మీదాకా రాదు.

2024 మే 13 గుర్తు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు ఆ రోజే. మన బరంపురం, కోరాపుట్ లోక్‌సభ స్థానాల్లో, వాటి కిందున్న అసెంబ్లీ స్థానాల్లో పోలింగూ ఆ రోజే. వేలికి సిరా ఇక్కడ, టెన్షన్ అంతా పిఠాపురం, కుప్పం, పులివెందుల మీద. జూన్ 4న ఫలితాలొచ్చాక పిఠాపురంలో పవన్ కల్యాణ్ మెజారిటీ 70 వేల పైచిలుకని చిన్నపిల్లలు కూడా చెప్పారు. మన అసెంబ్లీ సీటులో ఎవరు గెలిచారంటే ఎంతమంది చెప్పగలిగారో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

అదే రోజు ఒడిశాలో 24 ఏళ్ల నవీన్ పట్నాయక్ పాలన ముగిసింది. 147 సీట్లలో బీజేపీకి 78 వచ్చాయి. ఆ ప్రచారమంతా ఒడియా ఆత్మగౌరవం చుట్టూ, నవీన్‌కు కుడిభుజంగా ఉన్న, తమిళనాడులో పుట్టిన మాజీ ఐఏఎస్ అధికారి పాండియన్ గురించి "బయటివాడు" అన్న మాట చుట్టూ తిరిగింది. ఏ పార్టీ వాదన సరైనదన్నది మీరు తేల్చుకోండి. కానీ ఒడిశాలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల చెవిన ముందుగా పడాల్సిన చర్చ అది. మనలో చాలామందికి ఫలితాలొచ్చాకే తెలిసింది. పక్కింటి ఒడియా కుటుంబం నెలల తరబడి అదే చూసింది.

ఇంకో చిక్కుంది. బరంపురంలో మూడో తరం తెలుగు పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. బడిలో ఒడియా, ఇంగ్లిషు. తెలుగు పేపరు వాళ్లకు రాదు, తెలుగు రీల్ వస్తుంది. అంటే వాళ్లకు అందే తెలుగు రాజకీయమంతా ముప్పై సెకన్లదే. ఎవడో ఎవణ్నో "ఏకిపారేసిన" ముప్పై సెకన్లు. ఆ ముందూ వెనకా ఏముందో వెతికి చదివే దారి వాళ్లకు లేదు.

కొటియా విషయంలో నేను చూసే వార్తలకూ మా ఒడియా పక్కింటాయన చూసే వార్తలకూ పొంతనే లేదు. ఎవరిది నిజం?

ముందు ఎవరూ కాదనలేని సంగతులు చూద్దాం. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, అటువైపు సాలూరు మండలానికీ మధ్య కొండల్లో కొటియా ఊళ్ల గుంపు ఉంది. తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు, ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమంటూ, అప్పటిదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. 2021 ఫిబ్రవరిలో అక్కడి మూడు ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపితే, కోర్టు ధిక్కారమని ఒడిశా పిటిషన్ వేసింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శుల స్థాయిలో కమిటీ వేద్దామనుకున్నారు.

ఇప్పుడు పర్లాకిమిడిలో ఏ టీకొట్టు బల్ల మీదైనా రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టండి. ఒకటి మీది, ఒకటి ఒడియాలో చూసేవాళ్లది. రెంటిలోనూ యూట్యూబ్ తెరిచి, ఎవరి భాషలో వాళ్లు కొటియా అని కొట్టండి. మీ ఫోన్లో పసుపు అక్షరాలు, ఎర్ర బాణం గుర్తు, "మన ఊళ్లపై ఒడిశా దౌర్జన్యం" అనే ధోరణి. ఆయన ఫోన్లో అవే పసుపు అక్షరాలు, అదే ఎర్ర బాణం, "మన నేలపై ఆంధ్రా చొరబాటు" అనే ధోరణి. ఒక్కోసారి లోపల వీడియో ముక్క కూడా ఒక్కటే: రెండు వైపుల అధికారులు రోడ్డు మీద ఒకరినొకరు ఆపుకోవడం. పైన మాట్లాడే గొంతు వేరు, అంతే. ఎవరు ముందు ఆపారో ఆ ముక్కలో ఉండదు.

మీ ఫోనుకు ఆయన వీడియో ఎప్పటికీ రాదు. దాన్ని ఎవరూ దాచలేదు. ఒడియా వీడియో వస్తే మీరు మూడు సెకన్లలో పైకి తోసేస్తారని యంత్రం లెక్క, ఆ లెక్క సాధారణంగా తప్పదు కూడా. కాబట్టి ఆయన కోపానికి కారణం మీకు కనబడదు, కోపం మాత్రమే కనబడుతుంది. మీది ఆయనకూ అంతే.

రెండు ఫోన్లలోనూ కనబడనివాళ్లు ఇంకొకరున్నారు, కొటియా ఊళ్లవాళ్లు. అక్కడ ఎక్కువమంది కువి మాట్లాడే ఆదివాసీలు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్లున్నారు, రెండు వైపులా ఓటేసినవాళ్లున్నారు. రోడ్డు, బడి, రేషన్ ఎవరు ముందు తెస్తే వాళ్ల మనిషిని పిలుస్తారు. వాళ్ల మాటకు ఏ భాష ఫీడులోనూ మార్కులు రావు. రెండు రాష్ట్రాల మధ్య వంశధార నది నీళ్ల గొడవలో, దాని మీద కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ గొడవలో అయినా ఇదే తంతు. ఆ నీళ్ల తగువు తేల్చే ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో తుది తీర్పు ఇచ్చింది, ఆ తీర్పు చదివి చెప్పిన వీడియో ఎవరి ఫోనుకూ రాలేదు.

సరే, పరిశోధనలు ఏం తేల్చాయి?

ఒక్కొక్కటీ ఒక్కో మాట చెబుతుంది. ఓపిగ్గా వినాలి.

2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా కంపెనీతో కలిసి విశ్వవిద్యాలయాల పరిశోధకులు పెద్ద ప్రయోగం చేశారు. ఫేస్‌బుక్‌లో 23 వేల మందికి పైగా, ఇన్‌స్టాగ్రామ్‌లో 21 వేల మందికి పైగా తీసుకుని, వాళ్లలో కొందరికి మూడు నెలలు అల్గారిథమ్ తీసేసి, పోస్టులను కొత్తవి ముందు వచ్చేలా వరుసగా చూపించారు. ఫలితాలు 2023 జులైలో వచ్చాయి. వాళ్లు యాప్‌లో గడిపే సమయం తగ్గింది. నమ్మదగని చోట్ల నుంచి వచ్చే పోస్టులు తగ్గకపోగా పెరిగాయి. రాజకీయ అభిప్రాయాల్లో, అవతలి పార్టీ మీద ద్వేషంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంకో ప్రయోగంలో తమలాంటి ఆలోచన ఉన్నవాళ్ల పోస్టులను మూడోవంతు మేర తగ్గించారు. అక్కడా తేడా లేదు.

ఆ ఫలితం చూసి "అల్గారిథమ్ నిర్దోషి" అని కొందరు చంకలు గుద్దుకున్నారు. తొందరపాటు అది. ఆ ఎన్నికల రోజుల్లో మెటా తప్పుడు వార్తలను అణచడానికి అత్యవసరంగా తన లెక్కలు మార్చిందని, అంటే ప్రయోగం మామూలు రోజుల ఫేస్‌బుక్ మీద జరగలేదని 2024లో ఇతర పరిశోధకులు ఎత్తి చూపారు. పైగా ఏళ్ల తరబడి మునిగిన మనిషిని మూడు నెలలు బయటికి తీసి, ఇంకా తడిగానే ఉన్నాడంటే నీళ్ల తప్పు లేదనలేం కదా.

2025 నవంబరులో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు ఎక్కువ నచ్చింది, కంపెనీ అనుమతి లేకుండా చేసింది కాబట్టి. 2024 అమెరికా ప్రచారం నడుస్తుండగా, సుమారు 1,250 మంది ఎక్స్ (పాత ట్విట్టర్) వాడకందార్ల బ్రౌజర్లో చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టి, అవతలి పార్టీవాళ్ల మీద విద్వేషం నింపే పోస్టులను కొందరికి కిందకు దించారు, కొందరికి పైకి తెచ్చారు. పోస్టులు తీసేయలేదు, వరుస మార్చారంతే. పది రోజుల్లో అవతలి పార్టీ మీద భావం వందకు రెండు పాయింట్ల మేర మారింది, కిందకు దించినవాళ్లలో మెరుగైంది, పైకి తెచ్చినవాళ్లలో దిగజారింది. రెండు పాయింట్లే కదా అనకండి. అమెరికాలో మామూలుగా అంత మార్పు రావడానికి సుమారు మూడేళ్లు పడుతుందని వాళ్ల లెక్క.

2018లో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానేసినవాళ్ల మీద చేసిన ప్రయోగంలో, రాజకీయ విషయాల్లో వాళ్ల పట్టుదల కొంచెం సడలింది. వార్తల మీద అవగాహనా తగ్గింది. మందు పనిచేసింది, ఆకలి చచ్చింది.

ఇవన్నీ అమెరికా కబుర్లు. మనకు ఏం పనికొస్తాయి?

మంచి ప్రశ్న. అక్కడ రెండే పార్టీలు. ఇక్కడ పార్టీ, కులం, భాష, మతం, రాష్ట్రం అన్నీ కలిసి ఉంటాయి. మనకు దగ్గరగా వచ్చేది బోస్నియాలో జరిగినది. అక్కడ 1990ల యుద్ధంలో జాతుల మధ్య ఊచకోతలు జరిగాయి. 2019 జులైలో, స్రెబ్రెనిత్సా ఊచకోత సంస్మరణ జరిగే వారంలో, కొందరితో ఫేస్‌బుక్ ఆపించారు. వాళ్లకు అవతలి జాతి మీద సదభిప్రాయం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. తగ్గింది! ముఖ్యంగా తమ జాతివాళ్లే ఉండే ఊళ్లలో తగ్గింది. ఫోను మానేసి వాళ్లు చేసిందల్లా తమవాళ్ల మధ్యే కూర్చుని మాట్లాడుకోవడం. జాతులు కలిసి బతికే ఊళ్లలో ఆ నష్టం కనబడలేదు.

బరంపురం బడాబజారులో తెలుగు, ఒడియా అంగళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఠాకురాణి జాతరకు ఇరువైపులవాళ్లూ వస్తారు. ఒక్క భాషవాళ్లే ఉండే కాలనీలో ఫోను మానేస్తే లాభం ఎంతో నాకు అనుమానమే. బజారులో తిరిగే మనిషి మానేస్తే లాభం.

మన దేశం విషయంలో ఫేస్‌బుక్ సొంత పత్రాలే ఒక సంగతి చెప్పాయి. 2019 ఫిబ్రవరిలో ఆ కంపెనీ పరిశోధకులు కేరళ వ్యక్తి పేరుతో కొత్త ఖాతా తెరిచి, యంత్రం ఏది సిఫార్సు చేస్తే దాన్ని ఫాలో అయ్యారు. పుల్వామా దాడి జరిగిన రోజులు. మూడు వారాల్లో ఆ ఖాతా ద్వేషంతో, అబద్ధాలతో, శవాల ఫొటోలతో నిండిపోయింది. ఆ ఖాతా ఎవరినీ తిట్టలేదు, ఏదీ వెతకలేదు, చెప్పినట్టు విన్నది, అంతే.

వాట్సాప్‌లో అల్గారిథమ్ లేదు కదా? మా ఇంట్లో గొడవలన్నీ అక్కడే.

మెసేజీల వరుసలో లేదు, నిజమే. వచ్చినది వచ్చినట్టు కనబడుతుంది. కానీ గ్రూపులో మీ మావయ్య పెట్టే వీడియో ఆయన చేసింది కాదు. యూట్యూబ్‌లోనో, రీల్స్‌లోనో ఆయనకు యంత్రం ముందు పెట్టింది, ఆయన గ్రూపులో వేశాడు. అక్కడ లెక్క వేసి పైకి తెచ్చినదే ఇక్కడికి చేరుతుంది. తేడా ఏంటంటే ఇక్కడ దాని మీద మావయ్య పేరు ఉంటుంది కాబట్టి నమ్మకం ఎక్కువ.

పుకార్లతో మూకదాడులు జరిగాక 2018 జులైలో మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి అయిదు చాట్లకు పరిమితం చేశారు. బాగా తిరిగిన మెసేజీని ఒకసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో కట్టడి చేశారు. రెండు బాణాల గుర్తు ఉన్నది అదే. ఆ గుర్తు చూస్తే కనీసం ఓ గంట ఆగండి.

మతం గొడవలకీ దీనికీ సంబంధం ఉందా?

బహనాగా చాలు చెప్పడానికి. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. ఆ రైల్లో మనవాళ్లూ ఉన్నారు. శవాలు ఇంకా తీస్తుండగానే, పట్టాల పక్కనున్న తెల్లటి కట్టడం మసీదని బాణం గుర్తు వేసిన ఫొటో తిరగడం మొదలైంది. ఆ రోజు శుక్రవారమని గుర్తు చేస్తూ కూడా రాశారు. అది ఇస్కాన్ మందిరం. ఒడిశా పోలీసులు రెండో రోజుకే, ప్రమాదానికి మతం రంగు పులిమితే కఠిన చర్యలుంటాయని ప్రకటన ఇచ్చారు. ఫొటో అబద్ధమని తేల్చిన పోస్టు, అబద్ధం తిరిగినంత దూరం తిరగలేదు. తేల్చిన పోస్టుకు కోపం రాదు కదా.

అవతలి పార్టీ పేజీలు కూడా ఫాలో అయితే సమతూకం వస్తుందా?

రావచ్చు, ఎదురు తిరగనూ వచ్చు. 2018లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో నెల రోజులు అవతలి పక్షం ట్వీట్లు చదివించారు. రిపబ్లికన్ మద్దతుదారులు ఇంకా బిగుసుకుపోయారు. 2021లో వచ్చిన ఇంకో అధ్యయనంలో అవతలి పక్షం వార్తాసంస్థలను ఫాలో అయినవాళ్లకు ద్వేషం కొంచెం తగ్గింది. రెంటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది: నాయకుల, కార్యకర్తల పేజీలు చూస్తే మంట పెరుగుతుంది, వార్తలు చూస్తే తగ్గుతుంది. ఆంధ్రా పార్టీల సోషల్ మీడియా విభాగాలను అటుదీ ఇటుదీ రెండూ ఫాలో అయ్యి సమతూకమనుకుంటే, బూతులు రెండింతలు వస్తాయంతే.

కుర్రాళ్లే చెడిపోతున్నారా?

అలా ఏం లేదు. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో రాజకీయ ద్వేషం ఎక్కువ పెరిగింది 65 ఏళ్లు దాటినవాళ్లలో, అంటే అప్పటికి ఇంటర్నెట్ తక్కువ వాడేవాళ్లలో. ఒక్క ఇంటర్నెట్ మీదే నెపం నెట్టేవాళ్లకు ఆ ఫలితం ఇప్పటికీ మింగుడుపడదు. మన ఇళ్లలో అయితే రిటైరైన పెద్దాయన చేతిలో ఫోను, ఎదురుగా టీవీ.

మరి టీవీ చానళ్ల సంగతి?

ఏ తెలుగు చానల్ ఏ పార్టీదో చంటిపిల్లాడూ చెబుతాడు. ఆ పంపకం ఫేస్‌బుక్ రాకముందు నుంచీ ఉంది. అల్గారిథమ్ కొత్తగా చేసిందేమిటంటే, గంటసేపు సాగే డిబేట్లో అరుపులున్న నిమిషాన్ని కోసి మీ చేతిలో పెట్టడం. చీలిక తెచ్చింది పార్టీలు, దానికి మైకు పెట్టింది చానళ్లు. యంత్రం అగ్నికి ఆజ్యం పోసింది.

నేను గ్రూప్ అడ్మిన్‌ని. ఎవడో ఏదో పెడితే నన్ను లోపలేస్తారా?

సభ్యుడు పెట్టిన పోస్టుకు, ముందస్తు ఒప్పందం ఏదీ లేకుండా అడ్మిన్‌ను నేరస్థుణ్ని చేయలేమని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మీరే పెడితే మాత్రం కథ వేరు. మతం, భాష, ప్రాంతం పేరుతో వైరం పెంచే మాటలకు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్లదాకా జైలు ఉంది. "నేను ఫార్వర్డ్ చేశానంతే" అన్నది స్టేషన్లో పెద్దగా పనిచేయదు. గొడవల రోజుల్లో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చుకోండి. తిట్టేవాళ్లు రెండు రోజులు తిడతారు, తర్వాత అలవాటు పడతారు.

ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేస్తే సరిపోదా?

2023 ఏప్రిల్‌లో హనుమాన్ జయంతి గొడవలప్పుడు సంబల్‌పూర్‌లో ఆపారు. పుకారు ఆగుతుంది, పుకారు అబద్ధమని చెప్పే దారీ ఆగుతుంది. ఫోన్‌పే మీద బతికే కూరగాయల బండివాడికి బేరం కూడా ఆగుతుంది. తప్పనిసరైతే ఒకటి రెండు రోజులకేమో గానీ, దాన్ని మందు అనుకోవడం పొరపాటు.

చట్టంతో కంపెనీలను దారికి తేలేమా?

యూరప్ కొంత చేసింది. అక్కడి డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం పెద్ద ప్లాట్‌ఫామ్‌లు 2023 ఆగస్టు నుంచి, మన అలవాట్లను లెక్కగట్టని ఫీడు కూడా ఎంచుకునే వీలు ఇవ్వాలి. మన 2021 ఐటీ నిబంధనలు ఎక్కువగా ఏ పోస్టు తీసేయాలన్న దాని మీదే ఉన్నాయి. ఏ పోస్టు పైకి తేవాలన్న లెక్క జోలికి పెద్దగా పోలేదు. తెలుగు, ఒడియా పోస్టులను పరిశీలించడానికి ఎంతమందిని పెట్టారో కంపెనీలు భాషల వారీగా లెక్క చెప్పాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగొచ్చు. అడగమని మనం అడగాలి ముందు.

నా ఫోన్లో ఇప్పుడే ఏం మార్చుకోవచ్చు?

ఫేస్‌బుక్‌లో "ఫీడ్స్" అనే ట్యాబ్ ఉంది. అక్కడ మీరు ఫాలో అయినవాళ్ల పోస్టులే, కొత్తవి ముందు వస్తాయి. ఎక్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో "ఫాలోయింగ్" ఎంచుకోండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపి, పాతది తుడిచేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అవుతుంది, కావలసినది వెతుక్కుని చూడాలి. మొదట్లో వింతగా ఉంటుంది. అంత చేయలేకపోతే, మంట పెట్టే చానల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "డోంట్ రికమెండ్ చానెల్" అనండి. కోపంతో కామెంట్ పెట్టడం కంటే అది నయం, కామెంట్ పెడితే మార్కు పడుతుంది.

మన ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం వేరు. మీరు ఓటేసే చోటి వార్తలు ఇచ్చే ఒడియా పేపరో, చానలో ఒకటి సబ్‌స్క్రైబ్ చేసుకుని వారానికి నాలుగుసార్లయినా చివరిదాకా చూడండి. చివరిదాకా అన్నది ముఖ్యం, మధ్యలో వదిలేస్తే యంత్రం మళ్లీ పంపదు. ఒడియా చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి, వాళ్లకు వచ్చు. ఎన్నికలప్పుడు అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ నియోజకవర్గం పేరు కొడితే కేసులు, ఆస్తులు అన్నీ వస్తాయి.

పాతపట్నంలో ఉండే మా బావ రోజూ గ్రూపులో రాజకీయం పెడతాడు. మాట్లాడటం మానేద్దామా?

మానేయకండి. ఆయన్ను గ్రూపులో మాత్రం ఎదుర్కోకండి. అక్కడ జవాబిస్తే చూస్తున్న నలభైమంది ముందు ఆయన పరువు సమస్య అవుతుంది, ఇక వెనక్కి తగ్గడు. ఫోన్ చేసి, "బావా, ఆ వీడియో ఎప్పటిది? ఎక్కడిది?" అని ఆ రెండే అడగండి. పార్టీ మాట ఎత్తొద్దు. పాత వీడియో అని ఆయనే తెలుసుకుంటే ఆయనే తీసేస్తాడు. తీయకపోతే ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టి, ఆదివారం బండి వేసుకుని వాళ్లింటికే వెళ్లండి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరమని!